పేగుల్లోని సెరొటోనిన్ మన మనఃస్థితిని నిజంగా మార్చగలదా?

వేకువ:

అందరికీ నమస్కారం. నాకు ఆరేళ్లుగా ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపు నొప్పితో విరేచనాలో మలబద్ధకమో పదేపదే వేధించే పేగు సమస్య ఉంది. రెండేళ్ల కిందట దానికి కుంగుబాటు తోడైంది. వైద్యుల సలహా మీద ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెరొటోనిన్ అనే సంకేత రసాయనాన్ని కణాలు వెనక్కి లాక్కోకుండా అడ్డుకునే మందులు) వర్గానికి చెందిన మాత్ర వాడుతున్నాను. ఈ మధ్య ఆరోగ్యం గురించిన వ్యాసం ఏది తెరిచినా ఒకే మాట ఎదురవుతోంది. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుందట, కనుక సంతోషానికి పుట్టిల్లు కడుపేనట. మొదటి సగం నిజమే అనుకున్నా, రెండో సగం దాని నుంచి ఎలా వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మాత్ర మొదలుపెట్టిన మూడో రోజు ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా నోట్లో నీళ్లూరి, వాష్‌బేసిన్ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వికారం సుమారు పది రోజులు వేధించింది. మనసు తేలికపడింది మాత్రం ఐదో వారం దాటాకే. ఒకే మాత్ర కడుపులో మూడు రోజులకే ప్రభావం చూపి, మనసులో నెల దాటాక చూపడం ఏమిటి? పేగుల్లోని సెరొటోనిన్ మెదడును చేరుతుందా? చేరకపోతే మనఃస్థితితో దానికి సంబంధం ఏమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాడీపథం:

వేకువ గారూ, మీ సందేహం సరైన చోటే మొదలైంది. నేను చాలా ఏళ్లు శరీరధర్మశాస్త్రం బోధించాను. ఈ విషయం ఎప్పుడు చెప్పినా కథను మొదటి నుంచీ చెబుతాను, ఎందుకంటే ఈ పదార్థం మెదడులో కన్నా ముందు పేగులోనే దొరికింది. 1930 దశకంలో ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామెర్, పేగు లోపలి పొరలో ఉండే ఎంటెరోక్రోమాఫిన్ కణాల నుంచి కండరాన్ని ముడుచుకునేలా చేసే ఒక పదార్థాన్ని తీసి దానికి ఎంటెరమైన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తపు సీరం నుంచి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేసి సెరొటోనిన్ అన్నారు. ఈ రెండూ ఒకటేనని 1952లో తేలింది. మరుసటి ఏడాది బెట్టీ ట్వారోగ్, పేజ్‌తో కలిసి, అదే పదార్థం క్షీరదాల మెదడులోనూ ఉందని చూపించింది. మనసుతో దీని సంబంధం గురించిన ఆలోచన ఆ తరువాతే మొదలైంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పేగులో తయారైన సెరొటోనిన్ మెదడులోకి ప్రవేశించదు. మెదడులోని సూక్ష్మ రక్తనాళాల గోడల కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఒక అడ్డుగోడలా పనిచేస్తాయి. సెరొటోనిన్ ఆ గోడను దాటలేదు. పేగు నుంచి రక్తంలోకి జారిన కొంత భాగాన్ని ప్లేట్‌లెట్లు లోపలికి లాక్కుని దాచుకుంటాయి, మిగిలినదాన్ని కాలేయం, ఊపిరితిత్తులు తొలగిస్తాయి. మెదడు తనకు కావలసిన సెరొటోనిన్‌ను తానే తయారుచేసుకుంటుంది. మెదడు కాండంలో రాఫే కేంద్రకాలనే చోట ఉండే కొన్ని లక్షల నాడీకణాలు ఆ పని చేస్తూ, తమ తంతువులను మెదడంతటికీ పంపుతాయి.

రెండు చోట్లా ముడిసరుకు ఒకటే, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. కానీ దాన్ని మార్చే ఎంజైములు వేరు. పేగులో పనిచేసేది టీపీహెచ్1, మెదడు నాడీకణాల్లో పనిచేసేది టీపీహెచ్2. ఈ రెండోది ఉందన్న సంగతి 2003 దాకా తెలియదు. అంటే ఒకే పేరు గల సరుకును రెండు వేర్వేరు కార్ఖానాలు తయారుచేస్తున్నాయి, ఒక దాని గిడ్డంగి నుంచి రెండో దానికి దారి లేదు. అందుచేత ఆ 90 శాతం అనే లెక్క నిజమైనా, మనసు గురించి అది నేరుగా ఏమీ చెప్పదు.

ప్రశ్నార్థకం:

నాడీపథం గారి వివరణ స్పష్టంగా ఉంది. అయితే ఒక మాట అడగాలి. గోడ దాటదని ప్రయోగశాలలో తేల్చడం వేరు, మనిషిలో చూడడం వేరు. పేగులో సెరొటోనిన్ విపరీతంగా పెరిగిపోయిన మనుషులు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే వారి మనఃస్థితి ఎలా ఉంటుంది? ఇది తెలిస్తే సగం చర్చ ముగిసిపోతుంది.

కణజాలం:

ఉన్నారు. నేను జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేస్తాను. కార్సినాయిడ్ కణితులు ఉన్నవారు ఇందుకు ఉదాహరణ. ఇవి ఎక్కువగా చిన్నపేగులో ఎంటెరోక్రోమాఫిన్ కణాల నుంచే పుడతాయి. కాలేయానికి పాకిన తరువాత రక్తంలోకి సెరొటోనిన్ వరదలా వస్తుంది. ఈ రోగులకు ముఖం ఎర్రబడడం, రోజుకు అనేకసార్లు నీళ్ల విరేచనాలు, గుండె కుడివైపు కవాటాలు గట్టిపడడం వంటివి కనబడతాయి. అంత సెరొటోనిన్ రక్తంలో ప్రవహిస్తున్నా వారిలో ఆనందం పొంగిపొర్లదు.

అంతకన్నా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. మామూలు మనిషిలో ఆహారం నుంచి వచ్చే ట్రిప్టోఫాన్‌లో సుమారు 1 శాతమే సెరొటోనిన్‌గా మారుతుంది. కార్సినాయిడ్ కణితి ఉన్నవారిలో అది 60 శాతం దాకా వెళ్లవచ్చు. అప్పుడు అదే ట్రిప్టోఫాన్ నుంచి తయారుకావలసిన నియాసిన్ విటమిన్‌కు కొరత ఏర్పడి, పెల్లాగ్రా వచ్చే ప్రమాదం ఉంది. చర్మం పగలడం, విరేచనాలు, మతిభ్రమ దాని లక్షణాలు. పేగులో సెరొటోనిన్ పెరగడం వల్ల ఇక్కడ మెదడుకు మేలు జరగకపోగా, ముడిసరుకును కణితి మింగేయడం వల్ల మెదడే నష్టపోతోంది.

2017లో అమెరికాలో ఆమోదం పొందిన టెలోట్రిస్టాట్ అనే మందు ఈ రోగుల విరేచనాలను తగ్గిస్తుంది. పేగులోని తయారీని అడ్డుకుంటూ, మెదడులోకి పెద్దగా వెళ్లకుండా ఉండేలా ఆ అణువును రూపొందించారు. రెండు కార్ఖానాలు వేరన్న నాడీపథం గారి మాట మీదే ఆ మందు తయారీ ఆధారపడి ఉంది.

ప్రశ్నార్థకం:

ధన్యవాదాలు కణజాలం గారూ. అయితే పేగుల్లోని సెరొటోనిన్‌కు, మనసుకు సంబంధమే లేదని తీర్మానించవచ్చా?

మిత్రవింద:

అలా తీర్మానించే ముందు నేను కళ్లారా చూసినది చెప్పనివ్వండి. నేను వైద్యురాలిని కాను. మా అమ్మకు సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమోథెరపీ జరిగినప్పుడు నెలల తరబడి పక్కన కూర్చున్నాను. మొదటి విడతలో వాంతి మందు ఇవ్వడంలో ఆలస్యం జరిగింది. సెలైన్ గొట్టంలో మందు చుక్కలు పడడం మొదలైన రెండు గంటలకల్లా అమ్మ ముఖం పాలిపోయింది, చేతిలోని స్టీలు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుంది. నేను భయపడ్డది వాంతిని చూసి కాదు. ఎప్పుడూ ధైర్యంగా మాట్లాడే మనిషి, ఆ వికారం కమ్మిన క్షణంలో, ఇక బతకాలని లేదన్నట్టుగా గోడవైపు తిరిగిపోయింది. రెండో విడతలో ఆన్‌డాన్‌సెట్రాన్ ముందుగానే ఇచ్చారు. అదే మంచం, అదే కీమో మందు, కానీ అమ్మ ఆ రోజు నాతో పాత కబుర్లు చెప్పింది.

ఆ మందు పేగు సెరొటోనిన్ మీద పనిచేస్తుందని నర్సు చెప్పగా విన్నాను. గోడ దాటని పదార్థం మనిషిని అంతలా ఎలా మార్చగలిగింది? ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాడీపథం:

మిత్రవింద గారూ, మీరు చెప్పినదానిలోనే ప్రశ్నార్థకం గారి ప్రశ్నకు సమాధానం ఉంది. ఆ దృశ్యాన్ని పంచుకున్నందుకు కృతజ్ఞుణ్ణి.

సిస్‌ప్లాటిన్ పేగు పొరను దెబ్బతీసినప్పుడు ఎంటెరోక్రోమాఫిన్ కణాలు తమలోని సెరొటోనిన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. ఆ కణాల పక్కనే, మెదడును కడుపుతో కలిపే వేగస్ నాడి చివరలు ఉంటాయి. వాటి మీద 5-హెచ్‌టీ3 అనే గ్రాహకాలు, అంటే సెరొటోనిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు ఉంటాయి. సెరొటోనిన్ అక్కడ తగలగానే నాడిలో విద్యుత్ సంకేతం పుట్టి, మెదడు కాండంలోని నూక్లియస్ ట్రాక్టస్ సోలిటేరియస్ అనే కేంద్రానికి చేరి, అక్కడి నుంచి వాంతి, వికారం, భావోద్వేగాలకు సంబంధించిన ప్రాంతాలకు వ్యాపిస్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ గ్రాహకాలను మూసేస్తుంది. మెదడులోకి వెళ్లింది వార్త మాత్రమే, దాన్ని పుట్టించిన సెరొటోనిన్ పేగు పొర దగ్గరే ఉండిపోయింది. చిన్నప్పుడు వేగస్ నాడి అంటే మెదడు కడుపుకు ఆజ్ఞలు పంపే తీగ అని చదువుకున్నాం గానీ, అందులోని తంతువుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి, అవయవాల నుంచి మెదడుకు సమాచారం మోసేవే.

ఈ సందర్భంలో ఒక పాత ప్రయోగం గుర్తుకొస్తోంది. మా విద్యార్థులకు గినీపంది చిన్నపేగు ముక్కతో ప్రయోగం చేయించేవాళ్లం. నాలుగు సెంటీమీటర్ల ముక్కను 37 డిగ్రీల వెచ్చని లవణద్రావణంలో దారంతో కట్టి, పై కొసను ఒక సన్నని మీటకు తగిలిస్తే, ఆ మీట మసిపూసిన డ్రమ్ము మీద గీత గీస్తుంది. పిపెట్‌తో ద్రావణంలో ఒక్క చుక్క సెరొటోనిన్ వేయగానే, మెదడుతో ఏ సంబంధమూ లేని ఆ ముక్క ముడుచుకుని, గీత నిటారుగా లేచేది. పిల్లలు అప్రయత్నంగా మీట మీదికి వంగిపోయేవారు. అయితే 1950 దశకంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఎడిత్ బ్యుల్‌బ్రింగ్ ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. సెరొటోనిన్‌ను పేగు గొట్టం లోపలి వైపు ఉంచితే ఆహారాన్ని ముందుకు నెట్టే తరంగాలు పెరుగుతున్నాయి, అదే సెరొటోనిన్‌ను బయటి వైపు ఉంచితే ఆ తరంగాలు అణగిపోతున్నాయి అని గమనించింది. లోపలి పొర మీద ఒత్తిడి పడితే ఆ పొరే సెరొటోనిన్‌ను విడుదల చేస్తుందని కూడా చూపించింది. ఒకే పదార్థం, ఒకే పేగు ముక్క, తగిలిన చోటును బట్టి ఫలితం తారుమారు. పేగు సెరొటోనిన్ గురించి నేను ఎప్పుడూ మొదట చెప్పే సంగతి ఇదే. ఎంత ఉంది అన్నది ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎక్కడ తగిలింది అన్నదే ముఖ్యం.

శోధన:

నేను ఈ రంగంలో పరిశోధక విద్యార్థిని. ఇటీవలి పరిశోధనల్లో బ్యుల్‌బ్రింగ్ గమనింపు మళ్లీ మళ్లీ కనబడుతుంది కాబట్టి నాడీపథం గారు దాన్ని ప్రస్తావించడం ఎంతో సంతోషం కలిగించింది.

ముందుగా ఆ కణాల సంగతి. పేగు పొరలో ఎంటెరోక్రోమాఫిన్ కణాల వాటా 1 శాతం లోపే. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్, హోలీ ఇంగ్రాహామ్ బృందాలు, ఈ కణాలు ఆహారంలోని చికాకు కలిగించే రసాయనాలను, సూక్ష్మజీవుల ఉత్పత్తులను, ఒత్తిడి హార్మోన్లను గుర్తించి, పక్కనున్న నాడీ తంతువులకు సెరొటోనిన్ ద్వారా తెలియజేస్తాయని చూపించాయి. మరుసటి ఏడాది మరో బృందం, ఈ కణాలు సాగినప్పుడు పీజో2 అనే ప్రోటీన్ ద్వారా ఆ సాగుదలను కూడా పసిగడతాయని తేల్చింది. పీజో ప్రోటీన్లను కనుగొన్న ఆర్డెమ్ పటాపూటియాన్, డేవిడ్ జూలియస్ ఇద్దరూ 2021 నోబెల్ బహుమతిని పంచుకున్నవారే. అంటే ఈ కణం నాలుక మీది రుచి కణంలా, వేలి కొనలోని స్పర్శ కణంలా ఒక జ్ఞానేంద్రియం.

ఇప్పుడు మనసు సంగతి. 2019లో ఒక బృందం చిట్టెలుకలకు నోటి ద్వారా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ ఇచ్చినప్పుడు వేగస్ నాడి చురుకుదనం పెరిగిందని, డయాఫ్రమ్ (ఛాతీని, ఉదరాన్ని వేరుచేసే కండరం) కింద ఆ నాడిని కోసేస్తే మందు వల్ల ప్రవర్తనలో కనబడే మెరుగుదల కనబడలేదని నివేదించింది. 2023లో జూలియస్, ఇంగ్రాహామ్ బృందాలు మరో బృందంతో కలిసి, చిట్టెలుకల పేగులోని ఎంటెరోక్రోమాఫిన్ కణాలను కావాలని ఉత్తేజపరిస్తే పేగు నొప్పి సున్నితత్వంతో పాటు ఆందోళన లాంటి ప్రవర్తన కూడా పెరిగిందని ప్రచురించాయి. 2024లో కొలంబియా, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల బృందం, పేగు పొరలో మాత్రమే సెరొటోనిన్‌ను కణాల్లోకి వెనక్కి లాగే రవాణా ప్రోటీన్‌ను తొలగిస్తే ఆందోళన, కుంగుబాటు లాంటి ప్రవర్తన తగ్గిందని, ఆ ప్రభావం వేగస్ నాడి ద్వారానే జరిగిందని చూపింది.

చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకదానిలో పేగు సెరొటోనిన్ ఆందోళనను పెంచింది, రెండోదానిలో తగ్గించింది. నా ఊహ ఏమిటంటే, కణాలను ఒక్కసారిగా తట్టి లేపడం వేరు, పేగు పొరలో సెరొటోనిన్ నిలకడగా కాస్త ఎక్కువసేపు నిలిచి ఉండడం వేరు. మొదటిదానిలో సంకేతం నొప్పిని మోసే వెన్నుపాము తంతువుల మీదుగా వెళ్లి ఉండవచ్చు, రెండోదానిలో వేగస్ మీదుగా వెళ్లింది. ఇది నా ఊహే సుమా, తేలిన విషయం కాదు.

ప్రశ్నార్థకం:

శోధన గారూ, మీరు ఊహను ఊహగా చెప్పడం నాకు నచ్చింది. కానీ చిట్టెలుకల్లో ఆందోళన లాంటి ప్రవర్తన అంటే, వెలుతురు పడే చోటికి వెళ్లడానికి వెనకాడడం, నడుమ ఉన్న బయలును వదిలి గోడ పక్కన నడవడం వంటివే కదా. వేకువ గారు రెండేళ్లుగా అనుభవిస్తున్న కుంగుబాటును దానితో పోల్చగలమా? ఎలుకల్లో పనిచేసినది మనుషుల్లో విఫలమైన ఉదాహరణలు ఎన్ని ఉన్నాయో మీకు నా కన్నా బాగా తెలుసు.

శోధన:

తెలుసు, ఒకటి నేనే చెబుతాను. 2011లో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే బ్యాక్టీరియాను తినిపించిన చిట్టెలుకల్లో ఆందోళన లాంటి ప్రవర్తన తగ్గింది, వేగస్ నాడిని కోస్తే ఆ మార్పు మాయమైంది. ఈ ఫలితం ప్రపంచమంతటా వార్తల్లోకి ఎక్కింది. 2017లో ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో అదే బ్యాక్టీరియాను 29 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి పరీక్షించారు. మనఃస్థితిలో గానీ, ఒత్తిడికి స్పందించడంలో గానీ ఉత్తుత్తి మాత్రకు, దానికి తేడా కనబడలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు ఆ బృందం పట్ల నాకు గౌరవం.

సూక్ష్మజీవులకు, పేగు సెరొటోనిన్‌కు మధ్య సంబంధం మాత్రం గట్టిదే. 2015లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలైన్ షావో బృందం, సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా పెంచిన చిట్టెలుకల్లో పేగు సెరొటోనిన్ ఉత్పత్తి సుమారు 60 శాతం తక్కువని, సిద్ధబీజాలు (స్పోర్లు) ఏర్పరచే కొన్ని బ్యాక్టీరియాలను ప్రవేశపెడితే అది తిరిగి పెరుగుతుందని చూపింది. దీన్ని చదివిన చాలామంది, అయితే ఆ ఎలుకల మెదడులోనూ సెరొటోనిన్ తక్కువే ఉండాలి అనుకుంటారు. నిజానికి 2013లో కార్క్ బృందం అటువంటి మగ చిట్టెలుకల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం‌లో సెరొటోనిన్ ఎక్కువగా ఉందని కనుగొంది. పేగులో తగ్గితే మెదడులోనూ తగ్గుతుందన్న సూటి లెక్క ఇక్కడ పూర్తిగా దెబ్బతింటుంది.

సుధామయి:

నేను మానసిక వైద్యురాలిని. ఇంతవరకు పేగు గురించి మాట్లాడారు, మెదడు వైపు నుంచి రెండు మాటలు చెప్పడం అవసరం అనిపిస్తోంది.

మెదడులో సెరొటోనిన్ తగ్గడమే కుంగుబాటు అన్న సరళమైన సూత్రాన్ని రోగులకు చెప్పడం నేను చాలాకాలం కిందటే మానేశాను. 2022లో లండన్‌లో జొవానా మాంక్రీఫ్ బృందం, అప్పటిదాకా జరిగిన సమీక్షలన్నిటినీ కూడగట్టి, ఆ సూత్రానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. వారి పద్ధతిని తప్పుబట్టిన నిపుణులూ చాలామందే ఉన్నారు, ఆ వాదం ఇంకా సాగుతోంది. కానీ ఒక ప్రయోగాన్ని ఇరుపక్షాలూ పట్టించుకోవలసిందే. ట్రిప్టోఫాన్ లేని అమైనో ఆమ్లాల పానీయం తాగిస్తే కొన్ని గంటల్లో మెదడుకు ముడిసరుకు తగ్గిపోతుంది. ఎప్పుడూ కుంగుబాటు రాని మనుషుల్లో దాదాపుగా ఏమీ జరగదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడి కోలుకున్నవారిలో కొందరికి మాత్రం అదే రోజు పాత లక్షణాలు తిరిగి వచ్చి, మామూలు ఆహారం తీసుకున్నాక పోతాయి. సెరొటోనిన్ ఒంటరిగా మనఃస్థితిని నిర్ణయించదు, అలాగని పక్కకు నెట్టేయదగినదీ కాదు.

వేకువ గారు మొదట అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అడ్డుకునే రవాణా ప్రోటీన్ పేగు పొరలోనూ, ప్లేట్‌లెట్లలోనూ, మెదడులోనూ ఒకటే. మాత్ర మింగగానే మొదట తగిలేది పేగుకే. అక్కడ సెరొటోనిన్ ఎక్కువసేపు నిలిచిపోయి వేగస్ తంతువులను తడుతుంది, అందుకే వికారం. కొద్దిరోజుల్లో ఆ గ్రాహకాలు అలవాటుపడతాయి. మెదడులో కూడా ఆ ప్రోటీన్ కొన్ని గంటల్లోనే అడ్డుపడుతుంది, మందు ఆలస్యంగా చేరడం ఏమీ లేదు. అయితే పెరిగిన సెరొటోనిన్‌ను రాఫే కణాలు తామే గమనించి, మొదట్లో తమ పని వేగాన్ని తగ్గించుకుంటాయి. ఆ అదుపు సడలడానికి, నాడీకణాల మధ్య అనుసంధానాలు మారడానికి వారాలు పడుతుంది. మీకు ఐదు వారాలు పట్టడం అసహజం కాదు.

పేగుకు, మెదడుకు మధ్య మరో దారి ఒకటుంది, అది ముడిసరుకు దారి. శరీరంలో ట్రిప్టోఫాన్‌లో అధికభాగం సెరొటోనిన్‌గా కాక వేరే పదార్థాలుగా మారే కైనురెనిన్ మార్గంలో ఖర్చవుతుంది. ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ పెరిగితే ఆ మార్గం మరింత వేగం పుంజుకుంటుంది. హెపటైటిస్ సి రోగులకు రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మందు ఇచ్చిన రోజుల్లో, అంతకు ముందు ఏ మానసిక సమస్యా లేనివారు కూడా చికిత్స మధ్యలో తీవ్రంగా కుంగిపోవడం నేను స్వయంగా చూశాను. అప్పుడు నా ఎదుట కూర్చున్న ఒక మధ్యవయస్కుడు, ఈ దుఃఖం నాది కాదు డాక్టరు గారూ, సూదితో లోపలికి వచ్చింది అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

అన్వేషి:

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. నాదొక ఆచరణాత్మకమైన ప్రశ్న. ముడిసరుకే ముఖ్యమైతే, ట్రిప్టోఫాన్ గానీ 5-హెచ్‌టీపీ గానీ (ట్రిప్టోఫాన్ సెరొటోనిన్‌గా మారేటప్పుడు మధ్యలో ఏర్పడే పదార్థం) బిళ్లల రూపంలో తీసుకుంటే సరిపోదా? అరటిపండులో సెరొటోనిన్ ఉందని, అది తింటే మనసు బాగుంటుందని కూడా చదివాను.

కణజాలం:

అరటిపండులో సెరొటోనిన్ ఉన్న మాట నిజం. అందుకే కార్సినాయిడ్ అనుమానంతో మూత్రపరీక్ష చేయించుకునేవారిని అంతకు ముందు అరటిపండు, అనాస, అక్రోటు తినవద్దంటాం. ఆ సెరొటోనిన్ లెక్కను తారుమారు చేస్తుంది, మెదడును మాత్రం చేరదు.

ట్రిప్టోఫాన్ గోడ దాటగలదు, కానీ అది ఎక్కవలసిన రవాణా ప్రోటీన్ కోసం ల్యూసిన్, టైరోసిన్ వంటి ఇతర అమైనో ఆమ్లాలూ పోటీపడతాయి. ప్రోటీన్ ఎక్కువగా ఉన్న భోజనంలో ట్రిప్టోఫాన్‌తో పాటు దాని పోటీదారులు అంతకు ఎన్నో రెట్లు వస్తాయి కాబట్టి, అటువంటి భోజనం తరువాత మెదడుకు అందే ట్రిప్టోఫాన్ వాటా తగ్గవచ్చు కూడా.

5-హెచ్‌టీపీ గోడ దాటుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడుతూ దాన్ని తీసుకుంటే సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. వణుకు, చెమటలు, కండరాలు బిగుసుకోవడం, జ్వరం, అయోమయం దాని లక్షణాలు, ముదిరితే ప్రాణాపాయం. ట్రిప్టోఫాన్ బిళ్లలకూ ఒక చేదు చరిత్ర ఉంది. 1989లో అమెరికాలో కలుషితమైన ట్రిప్టోఫాన్ వల్ల ఇయోసినోఫిలియా మయాల్జియా సిండ్రోమ్ అనే, తీవ్రమైన కండరాల నొప్పితో కూడిన జబ్బు వచ్చి 1,500 మందికి పైగా బాధితులయ్యారు, వారిలో కొందరు మరణించారు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వీటి జోలికి వెళ్లవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

మిత్రవింద:

అలాగైతే పేగులో మాత్రమే పనిచేసి, రక్తంలోకి వెళ్లని కుంగుబాటు మందు తయారుచేయవచ్చు కదా? శోధన గారు చెప్పిన 2024 ప్రయోగం అటువైపే చూపిస్తోందని నాకు అర్థమైంది.

శోధన:

మీరు సరిగ్గా అర్థం చేసుకున్నారు. ఆ పరిశోధకుల ఆశ కూడా అదే. మందు తల్లి రక్తంలోకి తక్కువగా వెళితే గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మేలు. అయితే పేగు సెరొటోనిన్‌ను తాకిన మందుల విషయంలో తొందరపడకూడదని గతం హెచ్చరిస్తోంది. విరేచనాలతో కూడిన ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ కోసం, 5-హెచ్‌టీ3 గ్రాహకాలను మూసే అలోసెట్రాన్‌ను 2000 సంవత్సరంలో అమెరికాలో ఆమోదించారు. కొందరికి తీవ్రమైన మలబద్ధకం, పెద్దపేగుకు రక్తప్రసరణ తగ్గే జబ్బు రావడంతో అదే ఏడాది ఉపసంహరించి, 2002లో కఠినమైన షరతులతో మళ్లీ అనుమతించారు. మెదడుతో మాట్లాడే తీగను సరిచేయబోయి, ఆ తీగ మొదలయ్యే పేగునే దెబ్బతీసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

నాడీపథం:

వేగస్ నాడిని మెడ దగ్గర అమర్చిన పరికరంతో ఉత్తేజపరిచే చికిత్సను, మందులకు లొంగని కుంగుబాటు కోసం 2005లోనే అమెరికాలో ఆమోదించారన్న సంగతి కూడా ఇక్కడ చేర్చాలి. దాని ఫలితాలు నెమ్మదిగా వస్తాయి, అందరికీ రావు. అయినా ఆ నాడి మీదుగా వెళ్లే సంకేతం మనిషి మనఃస్థితిని తాకగలదనడానికి, ఎలుకల మీద ఆధారపడని సాక్ష్యం అది ఒకటి.

వేకువ:

ఇంతమంది ఇంత ఓపికగా వివరించినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నా వాష్‌బేసిన్ దగ్గరి ఉదయానికి ఇప్పుడొక అర్థం దొరికింది. కడుపును బాగుచేసుకుంటే మాత్ర మానేయవచ్చేమోనన్న ఆలోచన నాలో ఉండేదని ఒప్పుకుంటున్నాను, దాన్ని వదిలేస్తున్నాను.

నాలుగు నెలలుగా ఒక నోటుపుస్తకం రాస్తున్నాను. ఎడమ పేజీలో కడుపు నొప్పి, విరేచనాల వివరాలు, కుడి పేజీలో ఆ రోజు మనసు ఎలా ఉందో. ఈ చర్చ చదివాక నిన్న రాత్రి మొత్తం తిరగేశాను. కొన్ని వారాల్లో నొప్పి మొదలైన మరునాడు మనసు దిగజారింది. మరికొన్ని వారాల్లో మనసు దిగజారిన రెండు మూడు రోజులకు నొప్పి వచ్చింది. ఒకే దిశలో సాగడం లేదు. ఇది నా పొరపాటా, లేక నిజంగానే అలా ఉంటుందా?

సుధామయి:

నిజంగానే అలా ఉంటుంది వేకువ గారూ. పై నుంచి దిగే ఒత్తిడి హార్మోన్లు పేగు కదలికలను, పేగు పొరను మారుస్తాయి. కింది నుంచి వెళ్లే నాడీ సంకేతాలు మెదడును మారుస్తాయి. ఏ రోజు ఏది ముందు నడిచిందో మీ రెండు పేజీలే చెప్పగలవు, ఏ రక్తపరీక్షా చెప్పలేదు. ఆ నోటుపుస్తకాన్ని మీ జీర్ణకోశ వైద్యుడికి, మానసిక వైద్యుడికి ఇద్దరికీ చూపించండి, వీలైతే ఒకరు రాసినది మరొకరికి చేరేలా చూడండి. మాత్ర మోతాదు మారిన తేదీలను ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో మూడో వరుసగా చేర్చండి. మరో నెల రాసి ఇక్కడ చెప్పండి, మనమంతా కలిసి చూద్దాం.